నీళ్లు నిలిచిన చోట్లు: లాసన్స్ బే మొక్కల స్టాండు కేస్ స్టడీ

2022 డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున్నే టీచర్ గారు ఫోన్ చేశారు. "అమ్మా, నువ్విచ్చిన స్టాండు ఒక పక్కకి ఒరిగిపోతోంది. కుండీలన్నీ దించి నేల మీద పెట్టేశాను. తీరిక చూసుకుని ఒకసారి వచ్చి చూడు," అన్నారు. గొంతులో కోపం లేదు. ఆ స్టాండు కట్టి ఇచ్చి రెండేళ్లు కూడా నిండలేదు.

విశాఖ పెదవాల్తేరులో మా ఇంటి వెనక తొమ్మిదడుగుల వెడల్పు, పదకొండడుగుల పొడవున్న రేకుల షెడ్డు నా వర్క్‌షాపు. అందులో పన్నెండేళ్లుగా చెక్కపని చేస్తున్నాను. పీటలు, పుస్తకాల అరలు, దేవుడి మందిరాలు, పిల్లల మంచాలు చేసి ఇచ్చాను. వాటిలో ఒక్కటీ ఇలా వెనక్కి రాలేదు. వాటితో పోలిస్తే మొక్కల స్టాండు చూడటానికి తేలిక పని. నాలుగు కాళ్లు, మూడు మెట్లు, అంతే. నేనూ అలాగే అనుకుని ఐదు రోజుల్లో ముగించాను. కానీ ఇంట్లో రోజుకు రెండు పూటలా నీళ్లు పోయించుకునే సామాను అదొక్కటే. భోజనాల బల్ల మీద నీళ్లొలికితే వెంటనే తుడుస్తాం. మొక్కల స్టాండును ఎవరూ తుడవరు. పైగా కుండీ అడుగున నీడ, చల్లదనం, కారిన మట్టి. చెక్క కుళ్లడానికి ఏమేం కావాలో అన్నీ మనమే అమర్చి పెడతాం.

పాతది ఎందుకు పాడైంది, కొత్తది ఎలా కట్టాను, రెండు వానాకాలాల తర్వాత అది ఎలా ఉంది అన్నది కొలతలతో సహా ఇక్కడ రాస్తున్నాను.

చోటు

టీచర్ గారి ఫ్లాటు లాసన్స్ బే కాలనీలో రెండో అంతస్తు. బాల్కనీ తూర్పు ముఖం. నాలుగడుగుల లోతు, పదకొండడుగుల పొడవు. పొద్దున్న ఆరు నుంచి పది దాకా నేరుగా ఎండ పడుతుంది. సముద్రపు గాలి ఆగదు. గ్రిల్లు మీద వేలు పెట్టి రాస్తే ఉప్పు తగులుతుంది. ఆ గ్రిల్లుకు ఏడాదికోసారి రంగు వేయకపోతే తుప్పు కిందికి కారుతుంది.

విశాఖలో ఏడాదికి సుమారు 1,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో చాలా భాగం జూన్‌కి, నవంబరుకి మధ్యనే. అక్టోబరులో వాయుగుండాలు వస్తే వాన పైనుంచి పడదు, పక్క నుంచి కొడుతుంది. హుద్‌హుద్ వచ్చింది కూడా అక్టోబరులోనే, 2014 అక్టోబరు 12న. కాబట్టి తూర్పు బాల్కనీకి పైన శ్లాబు ఉంది కదా అని ధైర్యంగా ఉండటానికి లేదు. ఇక మామూలు రోజుల్లో గాలిలో తేమ 75, 80 శాతం ఉంటే చెక్క తనంతట తానే 14 నుంచి 16 శాతం తేమ పట్టుకుని అక్కడ స్థిరపడుతుంది. ఏసీ గదిలో అదే చెక్క 10 శాతం దగ్గర ఉంటుంది. గదికని చేసిన వస్తువును ఇలాంటి బాల్కనీలో పెడితే ఉబ్బక తప్పదు.

పాతదాన్ని విప్పే ముందు, విప్పాక

స్టాండును ఆటోలో వేసుకుని షెడ్డుకు తెచ్చాను. ముందు తేమ మీటరు సూదులు గుచ్చి చూశాను. పై మెట్టు పట్టీల్లో 17 శాతం. మధ్య మెట్టు పలకలో, కుండీ కూర్చున్న చోట 26. కాళ్ల అడుగున 29. ఇరవై లోపు ఉన్నంత కాలం చెక్కకు కుళ్లు పట్టదు. ముప్పై దగ్గర చాలాకాలం ఉండిపోతే పట్టుకుంటుంది. కాళ్ల అడుగు భాగం రెండంగుళాల మేర నల్లబడి, గోరు గుచ్చితే దిగేంత మెత్తగా ఉంది.

తర్వాత రెండు వారాలు నీడలో ఆరబెట్టి, విప్పే ముందు ఒక పని చేశాను. బకెట్ నీళ్లలో బట్టల నీలం కలిపి, టీచర్ గారు పోసినట్టే చెంబుతో కుండీలు పెట్టే చోట్లన్నిట్లో పోశాను. గంట ఆగి, నీలం ఎక్కడెక్కడ నిలిచి ఉందో అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టాను. పదిహేడు చోట్లు తేలాయి. వాటిలో పద్నాలుగు చోట్ల చెక్క అప్పటికే నల్లబడి ఉంది, లేదా మెత్తబడి ఉంది. అంతవరకు తప్పంతా వార్నిష్‌దే అనుకుంటున్నాను. ఆ సుద్ద గుర్తులు చూశాక ఆ మాట మళ్లీ అనలేదు.

విప్పుతూ ఒక్కొక్కటీ రాసుకున్నాను. మధ్య మెట్టును అందం కోసం ఒకే పలకగా, 300 మి.మీ. వెడల్పున అతికి చేశాను. దాన్ని రెండు పక్కలా కాళ్లను కలిపే అడ్డ కమ్మీలకు స్క్రూలతో కదలకుండా బిగించేశాను. టేకు పలక అడ్డంగా, తేమ ఒక శాతం పెరిగినప్పుడల్లా వెడల్పులో దాదాపు 0.19 శాతం ఉబ్బుతుంది. నాలుగు శాతం తేమ పెరిగితే 300 మి.మీ. పలక రెండు మిల్లీమీటర్లకు పైగా పెరగాలి. పెరగడానికి నేను చోటివ్వలేదు. అది దోనెలా వంగింది, వేసవిలో ఆరినప్పుడు ఒక చోట జానెడు పొడవున చీలింది. వంగిన ఆ దోనెలోనే నీళ్లు నిలిచాయి.

పై మెట్టు పట్టీలు 18 మి.మీ. మందం. మధ్యలో ఆధారం లేకుండా 850 మి.మీ. పొడవున వేశాను. కొత్తలో మూడు నాలుగు మిల్లీమీటర్లు వంగి ఉంటాయి. తడిగా ఉన్న చెక్క బరువు కింద నెలల తరబడి ఉంటే మెల్లమెల్లగా ఇంకా సాగుతుంది. విప్పేనాటికి మధ్యలో 9 మి.మీ. పల్లం ఉంది. అక్కడా నీళ్లే.

అతుకుల్లో మామూలు తెల్ల జిగురు వాడాను. తడికి అది మళ్లీ మెత్తబడింది. జింకు పూత ఇనుప స్క్రూలు తుప్పుపట్టి, వాటి చుట్టూ రూపాయి బిళ్లంత నల్ల మరక. టేకులోని రసాయనాలకు ఇనుము, తడి తోడైతే అలా నల్లబడుతుంది. రెండు కాళ్లలో చేవ, అంటే మాను లోపలి ముదురు భాగం కాని తెల్ల భాగం కొంత ఉంది. కొనేటప్పుడు చూశాను, రంగు వేస్తే కనపడదులే అని ఊరుకున్నాను. ఆ తెల్ల భాగంలోంచే పిండిలా పొడి రాలుతోంది, గుండుసూది తలంత పురుగు బెజ్జాలతో. టేకు మన్నుతుందని మనం చెప్పుకునేది దాని చేవ గురించి. తెల్ల భాగానికి ఆ గుణం లేదు.

ఇక వార్నిష్ సంగతి. మెరిసే పాలియురెథేన్ రకం, మూడు కోట్లు. పొద్దుటి ఎండకు పైపొర సన్నగా బీటలు వారింది. ఆ బీటల్లోంచి నీళ్లు లోపలికి వెళ్లాయి, బయటికి రావడానికి అదే పొర అడ్డుపడింది. కుండీల కింద పొర తెల్లగా పొంగి, వేలితో లాగితే ఊడి వచ్చింది.

మా మావయ్య హిందుస్థాన్ షిప్‌యార్డులో కార్పెంటరుగా చేసి రిటైరయ్యారు. ఇప్పటికీ షిప్‌యార్డు దగ్గరి సింధియాలోనే ఉంటారు. ఆ వారం మా ఇంటికొచ్చినప్పుడు షెడ్డులో సుద్ద గుర్తులున్న ముక్కలు చూసి చాలాసేపు తిప్పితిప్పి పరిశీలించారు. "ఏటమ్మా, నీరు పోడానికి ఎక్కడా దారే ఇవ్వలేదేటి?" అన్నారు. తర్వాత ఓడ డెక్కు సంగతి చెప్పారు. డెక్కు చదునుగా ఉండదు. నడుమ కాస్త ఉబ్బుగా, రెండు పక్కలకూ వాలుగా కడతారు. ఎక్కొచ్చిన అల పక్కలకు జారి, అంచుల్లో ఉన్న దారుల్లోంచి సముద్రంలోకే పోతుంది. డెక్కును పొడిగా ఉంచేది ముందు ఆ వాలు, ఆ తర్వాతే పూత.

కొత్త స్టాండు బొమ్మ ఆ రోజే మొదలుపెట్టాను. బొమ్మ మీద నీటి చుక్క ఎక్కడెక్కడ ఆగగలదో నీలం పెన్సిల్‌తో గుర్తు పెట్టడం, ఆ గుర్తు పోయేదాకా కొలత మార్చడం. ఐదో బొమ్మకు ఆ పదిహేడు చోట్లు నాలుగుకు దిగాయి.

కర్ర

కొత్త టేకు ఒక దారి. అడితిలో చూసిన సైజు కర్రలో తెల్ల భాగం లేని ముక్కలు ఏరుకోవాలంటే సగం పక్కన పెట్టాలి, పైగా తేమ 18, 19 ఉంది. వేప, తుమ్మ గట్టివే, కానీ మెలిక తిరగకుండా ఆరినవి దొరకడం కష్టం. రబ్బరు చెక్కను బాల్కనీలో పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

చివరికి వన్ టౌన్‌లో పడగొట్టిన ఒక పాత ఇంటి ద్వారబంధం దొరికింది. నాలుగంగుళాలకు మూడంగుళాల టేకు నిలువులు రెండు, పై కమ్మీ ఒకటి. గడప కర్ర ఒక కొసన చెద తినేసి ఉంటే అది వదిలేశాను. బయటికి ఎన్ని పూతల రంగు ఉందో లెక్కలేదు. చిత్రిక పట్టగానే లోపల తేనె రంగు చేవ, ఆ వాసన. మీటరు 13 శాతం చూపింది. ఇదే ఊరి గాలిలో కొన్ని దశాబ్దాలు ఉండి స్థిరపడిన కర్ర అది, ఇక దాన్ని నేను కొత్తగా ఆరబెట్టనక్కర్లేదు. ఘనపు అడుగు 2,600 రూపాయల చొప్పున ఒకటిన్నర ఘనపు అడుగులకు 3,900 అయింది. స్టాండులోకి చివరికి వెళ్లింది ఒక ఘనపు అడుగు లోపే. మిగతాది మేకుల చోట్లు, చీలికలు, రంపపు పొట్టు.

పాత కర్రలో కష్టం మేకులే. అయస్కాంతం పెట్టి అంగుళం అంగుళం వెతికి పదకొండు తీశాను. పన్నెండోది విరిగి లోపలే ఉండిపోయింది, చిత్రిక బ్లేడు దాన్ని కనిపెట్టింది. టేకులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది కాబట్టి బ్లేడు అసలే త్వరగా మొండిబారుతుంది. ఈ పనికి నేను ఉలిని, చిత్రిక బ్లేడును రోజుకు మూడుసార్లు సానపట్టాల్సి వచ్చింది. మొండి ఉలితో బలవంతంగా కొడితే నార లేచిపోయి కుసి, అంటే బెజ్జంలోకి దూర్చే కొస, పాడవుతుంది. పది నిమిషాలు సానరాయి దగ్గర కూర్చోవడమే మేలు.

కొలతలు, ఎందుకు ఆ కొలతలు

వెడల్పు 900 మి.మీ., లోతు 600. మూడు మెట్లు నేల నుంచి 200, 450, 700 మి.మీ. ఎత్తులో. ఒక్కో మెట్టు లోతు 200: 60 మి.మీ. పట్టీలు మూడు, మధ్య 10 మి.మీ. సందులు రెండు. పది అంగుళాల మట్టి కుండీని నీళ్లు పోసిన తర్వాత తూకం వేస్తే 13 కిలోలు వచ్చింది. మెట్టుకు మూడు చొప్పున తొమ్మిది కుండీలు, అంటే 117 కిలోలు. అందుకని రెండు పక్కల ఫ్రేములతో పాటు నడుమ మూడో ఫ్రేము పెట్టాను. ఒకే బరువుకు పట్టీ పొడవు సగమైతే వంపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పట్టీ మందం 18 నుంచి 22కు పెంచాను. మందం కొంచెం పెంచినా బిగువు బాగా పెరుగుతుంది, ఎందుకంటే రెట్టింపు మందానికి ఎనిమిది రెట్ల బిగువు వస్తుంది. ఈ రెండు మార్పులతో పల్లం గొడవ తీరింది.

ప్రతి పట్టీ పైముఖాన్ని మావయ్య చెప్పిన డెక్కులా నడుమ ఒక మిల్లీమీటరు ఉబ్బుగా చిత్రిక పట్టాను. చేతితో తడిమితేనే తెలుస్తుంది. అంచులు 3 మి.మీ. గుండ్రంగా తీశాను. పదునైన అంచు మీద ఏ పూతా నిలవదు, అక్కడే మొదట ఊడుతుంది.

ఎక్కువ ఆలోచించింది పట్టీ, కమ్మీ కలిసే చోటు గురించి. చెక్క మీద చెక్క చదునుగా కూర్చుంటే మధ్యలోకి తడి ఎక్కుతుంది, వారాల తరబడి దిగదు. పాత స్టాండులో పద్నాలుగు నల్ల మచ్చల్లో ఆరు అక్కడివే. అందుకని వంటింటి ప్లాస్టిక్ కటింగ్ బోర్డు పాతది ఒకటి తీసుకుని 3 మి.మీ. మందపు బిళ్లలుగా కోసి, ప్రతి పట్టీకీ కమ్మీకీ మధ్య ఒక్కొక్కటి పెట్టాను. ఇరవై ఏడు బిళ్లలు. పట్టీ ఇప్పుడు బిళ్ల మీద కూర్చుంటుంది, చుట్టూ గాలి ఆడుతుంది. స్క్రూ కింద నుంచి, పట్టీ వెడల్పుకు సరిగ్గా మధ్యలో ఒక్కటే. అప్పుడు పట్టీ రెండు వైపులా ఉబ్బినా ఎవరితోనూ పోట్లాట ఉండదు. కమ్మీ ఎత్తు 45 మి.మీ. కింది వైపు నుంచి 15 మి.మీ. లోతున పెద్ద బెజ్జం తీసి 50 మి.మీ. స్క్రూ వేస్తే 30 కమ్మీలో, 3 బిళ్లలో పోగా 17 మి.మీ. పట్టీలోకి దిగుతుంది. 22 మందంలో అది చాలు, పైకి పొడుచుకు రాదు. స్క్రూ తలలు కిందికి తెరిచిన గుంటల్లో ఉంటాయి కాబట్టి నీళ్లు నిలవవు. స్క్రూలన్నీ స్టెయిన్‌లెస్. సముద్రపు ఉప్పుకు 316 రకం మంచిది, నాకు కావలసిన పొడవులో దొరక్క 304 వాడాను. దాని మీద టీ మరక లాంటి మచ్చ వస్తుందని తెలిసే వాడాను. కిందివైపున, కనపడని చోట కాబట్టి ఒప్పుకున్నాను.

కాలు, కమ్మీ అతుకులన్నీ కుసి, బెజ్జం పద్ధతే. కుసిని బెజ్జంలో ఆపేయకుండా అవతలికి పూర్తిగా దాటించాను. గుడ్డి బెజ్జం అడుగున చేరిన తడికి దారుండదు. దాటిన కుసి కొస బయటికి కనపడటం కొందరికి నచ్చదు, కానీ తడిసినా అది ఆరుతుంది. కమ్మీల ముందు కొసల అడుగున చిన్న గాడి తీశాను. కిటికీ సన్‌షేడ్ అంచు కింద మేస్త్రీలు తీసే గాడి లాంటిదే. చుక్క ఆ గాడి దాటి వెనక్కి పాకలేక అక్కడే రాలిపోతుంది.

కట్టడం

కుసులను జిగురుతో పాటు వెదురు చీలలతో బిగించాను. ఇది పాత తలుపుల్లో చూసి నేర్చుకున్న పద్ధతి. చీల కోసం కాలిలో తీసిన బెజ్జానికి, కుసిలో తీసిన బెజ్జానికి కొద్దిగా తేడా పెడితే, చీల కొట్టినప్పుడు కుసిని లోపలికి లాక్కుంటుంది. జిగురు ఒకనాడు వదిలేసినా అతుకు వదలదు. తేడా ఎంత పెట్టాలన్న దగ్గర పొరబడ్డాను. కొత్త కర్రకు అలవాటైన చేత్తో రెండున్నర మిల్లీమీటర్లు పెట్టాను. బాగా ఆరిన పాత టేకు పెళుసుగా ఉంటుంది. మధ్య ఫ్రేములో మొదటి చీల సగం దిగేసరికి కుసి టప్పుమని చీలింది. ఆ కమ్మీ మొత్తం మళ్లీ చేయాల్సి వచ్చింది, ఒక రోజు పోయింది. మిగతా వాటికి ఒక మిల్లీమీటరు తేడాతోనే సరిపెట్టాను, అన్నీ చక్కగా బిగిశాయి.

జిగురు రాసే ముందు ప్రతి కుసినీ థిన్నర్‌తో తుడిచాను. టేకులో సహజంగానే నూనె ఉంటుంది, కోసి ఉంచితే అది పైకి వస్తుంది, జిగురు పట్టనివ్వదు. తుడిచిన పావుగంటలోపే అతికేయాలి. ఈసారి తడికి మెత్తబడని ఎపాక్సీ జిగురు వాడాను. ఫ్రేములు మూడూ బిగించాక ఎదురెదురు మూలల మధ్య దూరాలు రెండూ కొలిచాను. ఒక ఫ్రేములో 4 మి.మీ. తేడా వచ్చింది. జిగురు గట్టిపడక ముందే క్లాంపును ఐమూలగా పెట్టి లాగి సరిచేశాను. ఆ పది నిమిషాలు నాకు చాలా టెన్షన్. స్టాండు ఒట్టి బరువు 17 కిలోలు తేలింది.

కాళ్ల అడుగులకు వేరే పని. కర్ర అడ్డుకోత ముఖం తెరిచిన గొట్టాల కట్ట లాంటిది, పక్క ముఖం కంటే ఎన్నో రెట్లు నీళ్లు పీలుస్తుంది. కాళ్లను తలకిందులుగా నిలబెట్టి, పల్చటి ఎపాక్సీని అవి తాగినంత తాగించాను. మొదటి పూత అరగంటలో మాయమైంది, మూడోసారికి పైన నిలిచింది. దానికింద 15 మి.మీ. ఎత్తు నైలాన్ బిళ్లలు బిగించాను. బాల్కనీ కడిగినా కాళ్లు నీళ్లలో నిలబడవు.

పూత

టీచర్ గారికి ఈ విషయంలో గట్టి కోరిక ఒకటి ఉండేది. "ఏటికొప్పాక బొమ్మల్లా మెరవాలమ్మా," అన్నారు మొదటిసారి ఆర్డరిచ్చినప్పుడే. ఆ మాటకే అప్పుడు మెరిసే పాలియురెథేన్ వేశాను. ఆమె కోరిక నాకు అర్థమవుతుంది. అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ లక్క పట్టీని ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది, మొగలి ఆకుతో రుద్దితే ఆ మెరుపు వస్తుంది. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిన కళ అది. కానీ ఆ బొమ్మలు అల్మారాలో ఉంటాయి. లక్క మీద నీళ్లు నిలిస్తే తెల్లబడుతుంది. ఇది ఆమెకు మాటలతో చెప్పడం కంటే చూపించడం మంచిదనిపించింది.

2023 జూన్ మొదటి వారంలో ఒకే టేకు పలక నుంచి నాలుగు ముక్కలు కోసి మా డాబా మీద పెట్టాను. ఒకదానికి పాలియురెథేన్, ఒకదానికి ఉడికించిన అవిసె నూనె, ఒకదానికి బూజు మందు, రంగు పొడి కలిసి ఉండే ఆరుబయటి ఉడ్ ఆయిల్. నాలుగోది ఒట్టిగా. ప్రతి దాని మీదా తడి మట్టి నింపిన చిన్న కుండీ. అప్పటిదాకా టీచర్ గారి మొక్కలు ఇటుకల మీదే ఉన్నాయి. తొందరపెట్టకుండా ఆగినందుకు ఆవిడకు నేను రుణపడి ఉన్నాను.

నవంబరులో దించాను. పాలియురెథేన్ ముక్క అంచుల్లో పొర లేచి, కుండీ కింద తెల్లగా ఉంది. అవిసె నూనె ముక్క నిండా నల్ల చుక్కలు. మన తేమకు ఆ నూనె బూజుకు తిండి అవుతుంది. ఆయిల్ ముక్క కొంచెం వెలిసింది, అంతే. ఒట్టి ముక్క బూడిద రంగుకు తిరిగింది, కానీ గోరు గుచ్చితే గట్టిగానే ఉంది. ఆ ఒట్టి ముక్కను చూసి నాకు ధైర్యం వచ్చింది. మంచి చేవకు నీళ్లు పోయే దారి ఉంటే పూత లేకపోయినా బతుకుతుంది. పూత మీద మోపే బరువు అంత తగ్గుతుంది. టీచర్ గారు నాలుగూ చేతిలోకి తీసుకుని చూసి ఆయిల్ ముక్కే పక్కన పెట్టారు.

పూత జనవరి మొదటి వారంలో వేశాను, గాలిలో తేమ తక్కువగా ఉండే రోజులు చూసుకుని. సాండ్ పేపర్ 80, 120, 150 నంబర్లతో ఆపేశాను. ఆరుబయటి ఆయిల్‌కి అంతకంటే నునుపు చేస్తే కర్ర ఆయిల్‌ను సరిగా తాగదు. పల్చగా మూడుసార్లు. ప్రతిసారీ ఇరవై నిమిషాలు ఆగి, తాగగా మిగిలినదాన్ని గుడ్డతో పూర్తిగా తుడిచేయాలి. మిగిలితే జిగటగా పేరుకుని దుమ్ము పడుతుంది. మొదటి కోటుకు, రెండో కోటుకు మధ్య డబ్బా మీద రాసిన సమయం కంటే ఒక రోజు ఎక్కువే ఇచ్చాను. పట్టీలను బిగించక ముందే ఆరు ముఖాలకూ పూశాను, స్క్రూ బెజ్జాల లోపల కూడా.

ఆయిల్ తుడిచిన గుడ్డల గురించి ఒక మాట. వాటిని ఉండచుట్టి మూల పడేయకూడదు. ఆయిల్ ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక దానంతట అదే అంటుకునే ప్రమాదం నిజంగా ఉంది. రంపపు పొట్టు ఉన్న షెడ్డులో అది చాలు. నేను వాటిని నీళ్లలో ముంచి, ఆరుబయట దండెం మీద విడివిడిగా ఆరేసి, పూర్తిగా గట్టిపడ్డాకే పారేస్తాను.

తులసి కుండీ

2024 సంక్రాంతికి రెండు రోజుల ముందు తీసుకెళ్లి పెట్టాను. అక్కడ నా బొమ్మలో లేని సంగతి ఒకటి ఎదురైంది. తులసి కింది మెట్ల మీద ఉండకూడదు, పై మెట్టునే ఉండాలి అన్నారు టీచర్ గారు. ఆ తులసి ఉన్నది సిమెంటు కుండీలో, తడిగా 22 కిలోలు. అంత బరువు పైన పెడితే ఒరుగుతుందేమోనని ఆవిడ భయం. పై మెట్టు సరిగ్గా వెనక కాళ్ల ముందే ఉంటుంది, వెనక గోడ ఉంది. కుండీని నడుమ ఫ్రేముకు నేరుగా పైన కూర్చోబెట్టాం. బరువంతా నడుమ వెనక కాలి మీదికి దిగింది. ఊపి చూశాను, కదల్లేదు. కార్తీకంలో అక్కడే దీపం పెడతానన్నారు. అందుకని కుండీ పక్కన అరచేయంత గ్రానైట్ పలక ఒకటి పెట్టాం, కింద అవే ప్లాస్టిక్ బిళ్లలతో. కింది మెట్ల మీద మరువం, దవనం, కరివేపాకు, కలబంద. ముందు వరుసలో చామంతులు.

రెండు వానాకాలాల తర్వాత

2025 నవంబరులో మీటరు, నీలం కలిపిన నీళ్లు తీసుకుని వెళ్లాను. కాళ్ల అడుగున 16 శాతం. పట్టీల్లో 15 నుంచి 17. కుండీల కింద అన్నిటికన్నా ఎక్కువ ఉన్న చోట 19. నడుమ పల్లం స్కేలు ఆనించి చూస్తే ఒక మిల్లీమీటరు లోపే. అతుకులు ఒక్కటీ వదల్లేదు.

తప్పులు లేకపోలేదు. బాల్కనీ నేల పాడవకుండా అని కరివేపాకు కుండీ కింద టీచర్ గారు ప్లాస్టిక్ ప్లేటు పెట్టారు. ప్లేటు నుంచి పొంగిన నీళ్లు దాని అడుగున ఉండిపోయి పట్టీ మీద నల్ల వలయం వేశాయి. దాన్ని ప్లేటుకు మూడు చిన్న కాళ్లు అంటించి సరిచేశాం. ఇంకో తప్పు నాదే. కింది మెట్టు బిళ్లల చుట్టూ కారిన మట్టి పేరుకుని 3 మి.మీ. సందును మూసేసింది. తొమ్మిదింట్లో నాలుగు చోట్ల నీలం నిలిచింది. పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేశాను, కానీ నెలనెలా అలా చేయమని డెబ్బై దాటిన మనిషికి చెప్పలేను. సందు 6 మి.మీ. ఉండి ఉంటే మట్టి వానతో పాటు కొట్టుకుపోయేది.

ఎండ తగిలే ముందు పట్టీల రంగు వెలిసింది. అక్కడికక్కడే 150 పేపర్‌తో తేలిగ్గా రుద్ది ఒక కోటు పూశాను. తొమ్మిది కుండీలు దించడం, పెట్టడంతో కలిపి రెండు గంటలు పట్టింది. పాత పొరను గీకి తీసే పని లేదు కాబట్టి ఇది ఏడాదికోసారి ఎవరైనా చేసుకోవచ్చు. 304 స్క్రూల తలల మీద అనుకున్నట్టే గోధుమ రంగు మచ్చ వచ్చింది, చెక్క మాత్రం నల్లబడలేదు.

ఎంవీపీ కాలనీ నుంచి ఇలాంటి స్టాండుకే ఇంకో ఆర్డరు ఉంది. దానికి 6 మి.మీ. బిళ్లలు కోసి పెట్టాను. స్క్రూలు 55 మి.మీ. పొడవువి, 316 రకంలోనే కావాలని చెప్పి ఉంచాను, అవి వచ్చాకే బిగిస్తాను.